పిల్లల్ని బడి బయటికి తీసుకెళ్తున్నారా? ఒక్క ప్రశ్నతో బయల్దేరండి

ట్రిప్ అనగానే ముందురోజు రాత్రి పిల్లలకు నిద్ర పట్టదు. టీచర్‌కీ పట్టదు, కాకపోతే కారణం వేరు. బస్సు వేళకు వస్తుందా, దారిలో ఎవరికైనా వాంతులవుతాయా, లెక్కపెడితే ఒక్కరు తగ్గితే ఎలా అని ఒకటే టెన్షన్. ఆ టెన్షన్‌లో పడి అసలు సంగతి మర్చిపోతాం. ఇంతమందిని ఇంత దూరం తీసుకెళ్లి ఏం నేర్పబోతున్నాం?

నేను మొదట్లో వేసిన ట్రిప్పులన్నీ అలాగే సాగాయి. ఒక్క రోజులో నాలుగు చోట్లు చూపించేసేదాన్ని. మర్నాడు "ఏం గుర్తుంది?" అని అడిగితే సగం మంది బస్సు గురించే చెప్పేవాళ్లు. వాళ్ల తప్పేం లేదు. బస్సులో రెండు గంటలు కూర్చున్నారు. మిగతా ఏ చోటా నేను వాళ్లను పావుగంట కూడా నిలబడనివ్వలేదు.

తర్వాత పద్ధతి మార్చుకున్నాను. ఒక చోటు, ఎక్కువ సమయం, చేతిలో ఒకే ఒక్క ప్రశ్న. మీరు ట్రిప్ వేయబోతుంటే ఏది ముందు, ఏది తర్వాత చేయాలో నాకు పనికొచ్చిన వరసలోనే చెబుతాను.

ముందు బడి ఆవరణలోనే మొదలుపెట్టండి

దూరం వెళ్లే ముందు పిల్లలకు గోడలు లేని క్లాసు అలవాటు కావాలి. ఆరుబయట టీచర్ మాట వినడం, పరుగెత్తకుండా ఒకచోట నిలబడి చూడటం, అట్ట మీద కాగితం పెట్టుకుని నిలబడే రాసుకోవడం ఇవన్నీ నేర్చుకుంటేనే వస్తాయి. ట్రిప్ రోజే మొదటిసారి నేర్పాలనుకుంటే ఆ రోజంతా మీ గొంతు అరవడానికే సరిపోతుంది. డెన్మార్క్‌లో 'ఉదెస్కోలె' అనే పద్ధతి ఉంది. ఆరుబయట బడి అని అర్థం. వారానికో, రెండు వారాలకో ఒకసారి టీచర్లు మామూలు పాఠాన్నే బయటికి తీసుకెళ్లి చెబుతారు. క్రమం తప్పకుండా జరుగుతుంది కాబట్టి పిల్లలకు అది పిక్నిక్‌లా కాకుండా క్లాసులాగే అనిపిస్తుంది.

మీరూ రెండు మూడు వారాల ముందు ఇలా ఒకటి చేయించండి. నాలుగు మీటర్ల తాడు తీసుకుని, మీటరుకో ముడి వేసి, రెండు చివరలూ కలిపి కట్టండి. నలుగురు పిల్లలు నాలుగు ముడులూ పట్టుకుని మూలలు సరిచూసుకుంటూ నేల మీద పరిస్తే ఒక చదరపు మీటరు వస్తుంది. ఆ గడిలో ఏమేం ఉన్నాయో ఇరవై నిమిషాల్లో రాయమనండి. "ఇక్కడేం లేదు టీచర్, గడ్డే" అన్న గుంపు దగ్గరే ఎక్కువసేపు నిలబడండి.

మా పిల్లల్లో ఒక గుంపు అలాగే అంది. కాసేపటికి వాళ్లలో వాళ్లకే గొడవ మొదలైంది. ఒక చీమ తనకంటే పెద్దదైన రెక్కను లాక్కెళ్తోంది. ఏ పురుగుదో తెలియదు, రెక్క ఒక్కటే ఉంది. గడ్డిపరక అడ్డమొస్తే చీమ వెనక్కి తిరిగి, రెక్కను ఇటువైపు నుంచి లాగి చూసింది, మళ్లీ అటువైపు నుంచి లాగింది. "ప్రాణుల లెక్కలో చీమ ఒకటా, రెక్కతో కలిపి రెండా టీచర్?" అని అడిగారు. ప్రాణం ఉన్నదానికీ లేనిదానికీ తేడా గురించి పుస్తకంలో పేజీన్నర పాఠం ఉంది. అది చెప్పినప్పుడు ఇలాంటి ప్రశ్న ఒక్కటీ రాలేదు.

పెద్ద పిల్లలైతే నీడతో చెట్టు ఎత్తు కొలవమనండి. మీటరు కర్రను నిటారుగా నిలబెట్టి దాని నీడ కొలవాలి, వెంటనే చెట్టు నీడ కూడా కొలవాలి. కర్ర నీడ 80 సెంటీమీటర్లు, చెట్టు నీడ 6.4 మీటర్లు వచ్చిందనుకోండి, చెట్టు ఎత్తు 8 మీటర్లు. "వెంటనే" ఎందుకన్నానో వాళ్లనే కనుక్కోనివ్వండి. ఒక గుంపు కర్ర నీడను ఉదయం, చెట్టు నీడను మధ్యాహ్నం కొలిస్తే లెక్క ఎందుకు తప్పిందో వాళ్లకు మనం చెప్పనక్కర్లేదు.

చోటు కంటే ముందు ప్రశ్న

మామూలుగా స్టాఫ్ రూములో మాట "ఈసారి ఎక్కడికి వెళ్దాం?" అని మొదలవుతుంది. దాన్ని "ఈ టర్ములో పిల్లలకు ఏది పుస్తకంలో అర్థం కాలేదు?" అని మార్చి చూడండి. దానికి దొరికే జవాబే మిమ్మల్ని చోటుకు తీసుకెళ్తుంది.

మంచి ప్రశ్నకు రెండు గుర్తులు. ఒకటి, అక్కడికి వెళ్లి చూస్తే తప్ప జవాబు దొరకకూడదు. రెండు, క్లాసులో చివరి బెంచీ పిల్లాడు కూడా దాన్ని ఒక్క వాక్యంలో చెప్పగలగాలి. "జల వనరుల ప్రాముఖ్యత తెలుసుకోవడం" ప్రశ్న కాదు, అది రిపోర్టులో రాసుకునే మాట. "బురద నీళ్లు తేటగా ఎలా మారతాయి?" అన్నది ప్రశ్న. దానికి నీటి శుద్ధి కేంద్రం చూడాలి. "వాగులో రాళ్లు గుండ్రంగా ఎందుకున్నాయి?" అంటే వాగు దగ్గర పైచోట కొన్ని, కిందచోట కొన్ని రాళ్లు ఏరి పోల్చి చూడాలి. రెండో దానికి నడిచి వెళ్లగలిగే వాగు ఉంటే బస్సు కూడా అక్కర్లేదు. దూరం ఎక్కువైనంత మాత్రాన ట్రిప్ గొప్పదైపోదు.

ఇక్కడ నుంచి నీటి శుద్ధి కేంద్రం ఉదాహరణనే పట్టుకుని చెబుతాను, మీ చోటుకు తగ్గట్టు మార్చుకోండి.

మీరొక్కరే ఒకసారి వెళ్లి రండి

దీన్ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకండి. ఫోన్లో మాట్లాడితే సరిపోదు. ట్రిప్ సోమవారమైతే ఒక సోమవారమే, అదే వేళకు వెళ్లండి. సెలవు రోజు ఖాళీగా ఉన్న చోటు పనిరోజున కిక్కిరిసి ఉండొచ్చు.

వెళ్లినప్పుడు పిల్లల కళ్లతో నడవండి. బస్సు ఎక్కడ ఆగుతుంది, దిగిన పిల్లలు రోడ్డు దాటాల్సి ఉంటుందా? మరుగుదొడ్లు ఎన్ని, అవి శుభ్రంగా ఉన్నాయా, తలుపులకు గడియ పడుతుందా? ఆడపిల్లలు దీనికి భయపడి ఆ రోజంతా మంచినీళ్లు మానేస్తారు, అది మనకు చెప్పరు కూడా. నీడ ఎక్కడుంది? వాన వస్తే అందరూ ఎక్కడ తలదాచుకోవాలి? ఫోన్ సిగ్నల్ ఉందా, దగ్గర్లో ఆసుపత్రి ఎంత దూరం? చక్రాల కుర్చీలో వచ్చే పిల్లలుంటే మెట్లు లేని దారి ఏది? ఆ దారి లేకపోతే చోటు మార్చండి కానీ, ఆ పిల్లను బడిలో వదిలేసి వెళ్లకండి.

అక్కడ వివరించి చెప్పే వ్యక్తిని కూడా ఆ రోజే కలవండి. ఆయనకు మీ ప్రశ్న చెప్పండి, పిల్లల వయసు చెప్పండి, "గంటసేపు ఉపన్యాసం వద్దండీ, పది నిమిషాలు చెప్పి, తర్వాత వాళ్లు అడిగినవాటికి జవాబు చెబితే చాలు" అని మొహమాటపడకుండా అడగండి. చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు. పిల్లలు వినడం లేదని వాళ్లకూ తెలుస్తూనే ఉంటుంది.

తల్లిదండ్రులకు ఉత్తరం, డబ్బు విషయం

ఉత్తరం ఒక పేజీ దాటకూడదు. ఎక్కడికి, ఎందుకు, ఎన్నింటికి బయల్దేరి ఎన్నింటికి వస్తారు, ఏం తెచ్చుకోవాలి, ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి రాస్తే చాలు. కింద సంతకంతో పాటు పిల్లకు ఆస్తమా, మూర్ఛ, ఏదైనా పడకపోవడం, వేసుకునే మందులు, బస్సు ప్రయాణం పడుతుందా లేదా అన్నది రాయించుకోండి. ట్రిప్ రోజున ఆ కాగితాలు బడిలో బీరువాలో ఉంటే ఏం లాభం? మీ సంచిలో ఉండాలి.

డబ్బు కట్టలేని పిల్లల సంగతి ముందే తేల్చుకోండి. క్లాసులో నిలబెట్టి "ఎవరెవరు కట్టలేదు?" అని అడిగే పద్ధతి చాలా బాధపెడుతుంది. నలుగురిలో ఆ మాట చెప్పలేక "నాకు రావాలని లేదు టీచర్" అనేస్తారు. ఖర్చు మొత్తం లెక్కకట్టి, ఎవరూ మిగిలిపోకుండా సరిపోయేంత చవకగా ట్రిప్ ఉండేలా చూడండి. అది కుదరకపోతే దగ్గరి చోటు ఎంచుకోండి.

ఇది జాలితో చెప్పే మాట కాదు. అమెరికాలోని ఆర్కాన్సా రాష్ట్రంలో క్రిస్టల్ బ్రిడ్జెస్ అనే ఆర్ట్ మ్యూజియం 2011లో తెరిచారు. బడులకు ఖర్చు లేకుండా సందర్శన ఏర్పాటు చేస్తే చోటు సరిపోనంతగా దరఖాస్తులొచ్చాయి. దాంతో లాటరీ తీసి కొందరిని ముందు, కొందరిని తర్వాత పిలిచారు. పరిశోధకులకు అది మంచి అవకాశమైంది. 123 బడుల నుంచి దాదాపు 11,000 మంది పిల్లల్ని పోల్చి చూశారు. వెళ్లొచ్చిన పిల్లలు బొమ్మలో వివరాల్ని మరింత నిశితంగా చూడగలిగారు, బొమ్మల వెనకున్న చరిత్రను వారాల తర్వాత కూడా గుర్తుంచుకున్నారు. ఆ మేలు పల్లెటూరి పిల్లల్లో, పేదరికం ఎక్కువగా ఉన్న బడుల పిల్లల్లో ఇంకా ఎక్కువగా కనిపించింది. డబ్బు లేక ఆగిపోతున్న పిల్లలకే ట్రిప్ అందరికంటే ఎక్కువ అవసరమన్నమాట.

ముందువారం: కొత్త పోగొట్టండి

కొత్త చోట పిల్లల బుర్ర ముందు తన పనులు తాను చూసుకుంటుంది. దారి ఎటు, బాత్రూం ఎక్కడ, తిండి ఎప్పుడు, నా పక్కన ఎవరు? ఇవి తేలేదాకా మీరు చెప్పేది చెవికెక్కదు. ఇజ్రాయెల్‌లో పిల్లల్ని భూగర్భశాస్త్రం ట్రిప్పులకు తీసుకెళ్లి పరిశీలించిన నిర్ ఓరియన్ ఈ కొత్తదనాన్ని మూడు రకాలుగా చెప్పాడు. పాఠం కొత్త, చోటు కొత్త, అక్కడ గడిపే తీరు కొత్త. మూడూ ముందే తగ్గించి తీసుకెళ్తే పిల్లలు బాగా నేర్చుకుంటారని ఆయన పరిశోధనల్లో తేలింది.

మన ఉదాహరణలో చోటు కొత్త పోవడానికి మీరు ముందే తీసిన ఫొటోలు చూపించి, బోర్డు మీద పటం గీయండి. "బస్సు ఇక్కడ ఆగుతుంది, బాత్రూములు ఇక్కడ, భోజనం ఈ చెట్టు కింద పన్నెండున్నరకి" అని చెప్పేయండి. గడిపే తీరు కొత్త పోవడానికి రోజు మొత్తం టైంటేబుల్ రాయించండి.

పాఠం కొత్త పోవడానికి రెండు సీసాలు చాలు. రెంటిలో ఒకే బురద నీళ్లు పోయండి. ఒకదాంట్లో పటిక పొడి చిటికెడు వేసి ముందు గబగబా, తర్వాత నెమ్మదిగా కలపండి. రెండూ బల్ల మీద కదపకుండా పెట్టి వేరే పాఠం చెప్పుకోండి. కాసేపటికి పటిక వేసిన సీసాలో మట్టి చిన్న చిన్న మేఘాల్లా ముద్దకట్టి అడుగుకు దిగుతుంది, రెండోది ఇంకా మురికిగానే ఉంటుంది. సన్నని మట్టి రేణువులన్నిటి మీదా ఒకే రకం విద్యుదావేశం ఉండటంతో అవి ఒకదాన్నొకటి నెట్టుకుంటూ నీళ్లలో తేలుతుంటాయి. పటిక ఆ నెట్టుకోవడాన్ని తగ్గించి వాటిని కలుపుతుంది. ఇది చూసిన పిల్లలు కేంద్రంలో పెద్ద తొట్టె ముందు నిలబడగానే "మన సీసా!" అని అరుస్తారు. ఆ అరుపు కోసమే ఈ శ్రమంతా.

ఒక్కొక్కరికీ ఒక్కో పని అప్పగించండి. ఒకరు గడియారం చూడాలి, ఒకరు బొమ్మ గీయాలి, ఒకరు కొలవాలి, ఒకరు ప్రశ్నలు రాసుకోవాలి. ఇదేం కొత్త ఆలోచన కాదు. మొక్కలకు రెండు పదాల శాస్త్రీయ నామాలు స్థిరపరిచిన లినేయస్ 18వ శతాబ్దంలో స్వీడన్‌లోని ఉప్సాలా చుట్టుపక్కలకు విద్యార్థుల్ని మొక్కలు చూడటానికి నడిపించుకెళ్లేవాడు. ఆ గుంపులో ఒకరు నోట్సు రాయాలి, ఇంకొకరు క్రమశిక్షణ చూడాలి. సాయంత్రం బాకాలు ఊదుకుంటూ, డప్పులు మోగించుకుంటూ ఊళ్లోకి తిరిగొచ్చేవాళ్లు.

తలలు కాదు, నంబర్లు లెక్కపెట్టండి

ఒకసారి బస్సు ఎక్కేటప్పుడు తలలు లెక్కపెట్టాను. నలభై రెండు, సరిపోయింది. బస్సు కదిలింది. అంతలో "టీచర్, నా పక్కన కూర్చున్నదెవరో నాకు తెలీదు" అని ఒక పాప చెప్పింది. వేరే బడి పిల్లాడు మా వరసలో కలిసి ఎక్కేశాడు, మా పిల్లాడొకడు బాత్రూం దగ్గర ఉండిపోయాడు. లెక్క సరిపోయింది, పిల్లలు సరిపోలేదు. గేటు దాటకముందే బస్సు ఆపాం, వాడు అక్కడే నిలబడి ఏడుస్తున్నాడు. ఆ మొహం నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

అప్పటినుంచి ప్రతి ఒక్కరికీ ఒక నంబరు ఇస్తున్నాను. "ఒకటి" అని నేననగానే ఎవరి నంబరు వాళ్లు వరసగా పలకాలి. నలభై రెండు మంది పలకడానికి నిమిషం పట్టదు. ఎవరి గొంతు రాలేదో వెంటనే తెలిసిపోతుంది. బడి గేటులో, బస్సు దిగాక, భోజనం అయ్యాక, మళ్లీ బస్సు కదిలే ముందు, అలాగే ఎవరైనా బాత్రూంకి వెళ్లొచ్చిన ప్రతిసారీ చెప్పించండి. దీనికి తోడు ఇద్దరిద్దరిని జట్టు కట్టండి. నా జట్టు కనబడకపోతే వెతకడానికి వెళ్లకూడదు, ముందు టీచర్‌కి చెప్పాలి అన్నది ఒక్కటే నియమం. తప్పిపోతే ఉన్నచోటే ఆగిపోవాలని కూడా చెప్పండి. అందరూ అటూ ఇటూ తిరిగితే ఒకరికొకరు అస్సలు దొరకరు.

పెద్దవాళ్లు ఎంతమంది కావాలన్నది పిల్లల వయసును బట్టి, చోటును బట్టి ఉంటుంది. మీ బడి నియమం ఏదుంటే దానికి తగ్గకూడదు. నీళ్ల దగ్గరకైతే ఇంకా ఎక్కువమంది ఉండాలి. తల్లిదండ్రుల్ని తోడు తెచ్చుకుంటే ఎవరి చేతిలో ఏ పిల్లలు ఉన్నారో పేర్లు రాసివ్వండి. "అందరూ అందరినీ చూసుకోండి" అంటే ఎవరూ ఎవర్నీ చూసుకోరు.

బస్సు ప్రయాణం పడని పిల్లల్ని ముందు సీట్లలో కూర్చోబెట్టి, దూరంగా బయటికి చూడమనండి, పుస్తకం చదవనివ్వకండి. ఉరుము వినిపిస్తే వెంటనే భవనంలోకో, బస్సులోకో చేరాలి. చెట్టు కింద నిలబడకూడదు. చివరి ఉరుము విన్నాక అరగంట ఆగి బయటికి రండి. వాగు దగ్గర నీళ్లు నిలకడగా కనిపించినా ఎగువన వాన పడి ఉంటే ఉన్నట్టుండి పెరగొచ్చు, కాబట్టి ముందురోజు ఎగువ సంగతి కనుక్కోండి.

అక్కడికి చేరాక

మొదటి పది నిమిషాలు ఏమీ చెప్పకండి. పిల్లలు చూస్తారు, ఒకరికొకరు చూపించుకుంటారు, గోల చేస్తారు. ఆ ఉత్సాహాన్ని అణచివేయబోతే రోజంతా అది మీతో పోట్లాడుతూనే ఉంటుంది. పది నిమిషాలయ్యాక నంబర్లు చెప్పించి, ప్రశ్నను గట్టిగా అందరితో అనిపించండి.

అసలు పనిని పొద్దున్నే పెట్టుకోండి. భోజనం తర్వాత పిల్లల బుర్రలు బరువెక్కుతాయి. తొట్టెలన్నీ గబగబా తిప్పే బదులు పటిక కలిపే చోట, నీళ్లు తేరుకునే తొట్టె దగ్గర, ఇసుక వడపోత దగ్గర, క్లోరిన్ కలిపే దగ్గర ఆగండి. వీటిలో ఒకదాని ముందు మాత్రం ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి బొమ్మ గీయించండి. నీళ్లు ఎటునుంచి వచ్చి ఎటు పోతున్నాయో బాణం గుర్తులు పెట్టాలంటే చూడక తప్పదు. "వడపోతలో ఇసుకను ఎప్పుడు కడుగుతారు?" అన్నది అలా గీస్తూ అడిగిన ప్రశ్నే. బొమ్మలో చెత్త ఎక్కడ పేరుకుంటుందో గీయాల్సి వచ్చేసరికి ఆ పిల్లకు సందేహం వచ్చింది.

ఖాళీలు నింపే వర్క్‌షీట్లు మాత్రం ఇవ్వకండి. వాటిని చేతికిస్తే పిల్లలు వస్తువును వదిలేసి దాని కింద రాసిన బోర్డును చూస్తారు, ఒకరిది చూసి పదిమంది రాసుకుంటారు.

ఫోన్ల సంగతి. లిండా హెంకెల్ అనే మనస్తత్వ పరిశోధకురాలు ఒక మ్యూజియంలో కొన్ని వస్తువుల్ని ఊరికే చూడమని, కొన్నిటిని ఫొటో తీయమని విద్యార్థులకు చెప్పి, మర్నాడు జ్ఞాపకం పరీక్షించింది. 2014లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం ఫొటో తీసినవే తక్కువ గుర్తున్నాయి. వస్తువులో ఒక భాగాన్ని దగ్గరగా జూమ్ చేసి తీసినప్పుడు మాత్రం ఆ నష్టం కనబడలేదు. అందుకే నేను గుంపుకు ఒక ఫొటోకే అనుమతిస్తాను. అది కూడా ఏదో ఒక చిన్న భాగానిది, ఎందుకు తీశారో చెప్పాకే.

మీ ట్రిప్ మ్యూజియానికైతే హాళ్లన్నీ తిరగకండి. మూడు వస్తువులు చాలు. ఫిలిప్ యెనవైన్, అబిగైల్ హౌసెన్ బొమ్మల్ని చూడటం నేర్పడానికి రూపొందించిన మూడు ప్రశ్నలు నాకు ఎప్పుడూ ఉపయోగపడ్డాయి. ఈ బొమ్మలో ఏం జరుగుతోంది? ఏం చూసి అలా అంటున్నావు? ఇంకా ఏం కనిపిస్తోంది? రెండో ప్రశ్నను వదలకుండా అడగండి. "ఈయన రాజు" అన్న పిల్లాడు "ఎందుకంటే..." అని మొదలుపెట్టి కిరీటం కోసం వెతికి, అది లేదని గమనించి, తన మాట తానే మార్చుకుంటాడు.

పిల్లలు అడిగిన ప్రతిదానికీ వెంటనే జవాబు చెప్పేయకండి. మనకిది కష్టం, తెలిసిన జవాబు నాలుక చివరే ఉంటుంది. "నువ్వేమనుకుంటున్నావు?" అని ఐదు సెకన్లు ఆగి చూడండి.

తిరిగొచ్చాక

మర్నాడు మొదటి పీరియడ్ దీనికే కేటాయించండి. రెండు రోజులు ఆగితే చల్లారిపోతుంది. "మేము వెళ్లిన యాత్ర" అని వ్యాసం రాయమనకండి. పొద్దున్నే లేచాం, బస్సెక్కాం, తిన్నాం, వచ్చాం అని రాసిస్తారు. అందుకు బదులు ట్రిప్ ప్రశ్నను బోర్డు మీద రాసి, పిల్లలు గీసిన బొమ్మల్ని గోడకు వరసగా అంటించండి. ఒకరి బాణాలు ఒకరి బాణాలకు ఎదురుగా ఉంటాయి. ఎవరిది సరైనదో వాళ్లే వాదించుకుని తేల్చుకోవాలి.

తర్వాత ఒక పని ఇవ్వండి. సగం కోసిన సీసా, గులకరాళ్లు, ముతక ఇసుక, సన్న ఇసుక ఇచ్చి వడపోత తయారుచేయమనండి. ఏ పొర పైన, ఏది కింద అన్న దగ్గర వాళ్లు చూసొచ్చినదంతా పనికొస్తుంది. వడపోసిన నీళ్లు ఎంత తేటగా కనిపించినా తాగకూడదని గట్టిగా చెప్పండి, ఎందుకు తాగకూడదో కూడా చెప్పించండి. క్లోరిన్ కలిపే గది గుర్తున్న పిల్లలు చెప్పేస్తారు.

అక్కడ వివరించిన ఆయనకు పిల్లలతో ఉత్తరం రాయించండి. ఊరికే ధన్యవాదాలు చెప్పి వదిలేయకుండా, ప్రతి ఒక్కరూ తాము చూసిన ఒక వివరాన్ని, ఇంకా తేలని ఒక సందేహాన్ని రాయాలి. మాకు ఒకసారి ఆయన నుంచి నాలుగు పేజీల జవాబు వచ్చింది, ఇసుక కడిగే రోజున తీసిన ఫొటోలతో సహా.

మూడు వారాలయ్యాక చెప్పాపెట్టకుండా ఒక తెల్ల కాగితం ఇచ్చి ఆ కేంద్రం బొమ్మ గుర్తున్నంత మేరకు గీయమనండి. మార్కులు వేయకండి. ఎవరి కాగితంలో ఏ భాగం మాయమైందో చూస్తే వచ్చేసారి ఎక్కడ ఎక్కువసేపు ఆగాలో మీకు తెలుస్తుంది.

జవాబు దొరకని ప్రశ్నల్ని ఒక చార్టు మీద రాసి తలుపు పక్కన తగిలించండి. మా చార్టులో ఇప్పుడు పద్నాలుగు ఉన్నాయి. పైనున్నది, "మనం వాడేసిన నీళ్లు ఎక్కడికి పోతాయి?" వచ్చే ట్రిప్‌కి చోటు వెతకడం దాంతోనే మొదలుపెట్టాం.